ఆరు రంగులే ఉండాలి: విజయనగరంలో ఒక పటాల షాపు మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. పటం కట్టడంలో ఈ షాపుకి ఐదుకి ఐదు. ప్రింటింగ్‌కి రెండున్నర, అదీ మనం పక్కన నిలబడి చేయించుకుంటేనే.

గంటస్తంభం నుంచి బజారులోకి నడిస్తే దేవుడి పటాలు, పెళ్లి ఆల్బమ్‌లు, షీల్డులు, ఫ్లెక్సీలు అన్నీ ఒకే చోట చేసిపెట్టే షాపులు ఉన్నాయి కదా, వాటిలో ఇదొకటి. పేరు రాయను. లోపాలు కూడా చెప్పబోతున్నాను, పైగా ఓనరు గారు ఇప్పుడు నా దగ్గర రూట్ కెనాల్ చేయించుకుంటున్నారు. నేను డెంటిస్టుని. ఒక గుర్తు మాత్రం ఇస్తాను: రంగుల వ్యాపారం చేసే ఆ షాపు బోర్డే ఎండకి వెలిసిపోయి ఉంటుంది.

నాకు కావలసింది క్లినిక్ వెయిటింగ్ హాల్లోకి ఒక పెద్ద బొమ్మ. మందుల కంపెనీల వాళ్లు ఇచ్చే పోస్టర్లు నా దగ్గర బోలెడు. కానీ దవడ పట్టుకుని రాత్రంతా నిద్రలేక వచ్చినవాడి ఎదురుగా ముప్ఫై రెండు పళ్లూ చూపిస్తూ నవ్వే మనిషిని తగిలించడం నాకు న్యాయంగా అనిపించదు. జలపాతం, సూర్యాస్తమయం, ఏడు గుర్రాలు కూడా వద్దనుకున్నాను. అవి ఊళ్లో ప్రతి క్లినిక్‌లోనూ ఉన్నాయి.

నేను తీసుకెళ్లింది అమెరికన్ చిత్రకారుడు స్టూవర్ట్ డేవిస్ 1940లో వేసిన పెయింటింగ్. పేరు కాస్త పొడుగు: 'హాట్ స్టిల్-స్కేప్ ఫర్ సిక్స్ కలర్స్ - సెవెంత్ అవెన్యూ స్టైల్'. అసలుది బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఉంది. ఎత్తు దాదాపు 36 అంగుళాలు, వెడల్పు 45. అంటే నా గోడకి అసలు సైజులోనే పడుతుంది. పెద్ద మ్యూజియంలో ఉన్న బొమ్మని తగ్గించకుండా, పెంచకుండా, వేసినవాడు ఎంత వేశాడో అంతే పెట్టుకునే అవకాశం ఎప్పుడూ రాదు. ఈయనదే 'స్వింగ్ ల్యాండ్‌స్కేప్' (1938) అని ఇంకా ప్రసిద్ధమైనది ఉంది. బ్రూక్లిన్‌లో ప్రభుత్వం కట్టిన ఇళ్ల సముదాయం కోసం వేయించారు, అక్కడ పెట్టనే లేదు, ఇప్పుడు ఇండియానా యూనివర్సిటీ మ్యూజియంలో ఉంది. అది పధ్నాలుగడుగుల పొడవు. నా వెయిటింగ్ హాలే అంత లేదు.

కాపీరైట్ సంగతి షాపు వాళ్లు అడగరు, కాబట్టి మనమే చూసుకోవాలి. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. డేవిస్ 1964లో పోయారు. 2024తో మన దేశంలో ఆ గడువు అయిపోయింది. అంతవరకు ఆగాను అని గొప్పలు చెప్పను గానీ, ఇప్పుడు చేయించుకోవడానికి మొహమాటం లేదు.

షాపు సంగతికి వెళ్లే ముందు ఈ బొమ్మలో ఏముందో చెప్పాలి. లేకపోతే ప్రింటింగ్ మీద నా ఫిర్యాదు మీకు చాదస్తంలా కనబడుతుంది.

దూరం నుంచి చూస్తే గీతలు, మెలికలు, ముక్కలు, చుక్కలు. మనిషి లేడు, చెట్టు లేదు. కానీ ఇందులో ఏమున్నాయో డేవిస్ ఆ ఏడాదే రాసిపెట్టారు: పళ్లు, పూలు, వంటింటి సామాను, ఆకాశం, టాక్సీలు, రేడియో, సినిమాలు, కరెంటు దీపాల బోర్డులు, నగరంలో కనబడే వినబడే హడావిడి అంతా. న్యూయార్క్‌లో సెవెంత్ అవెన్యూ మీద ఆయన స్టూడియో అప్పటికి పదిహేనేళ్లుగా ఉంది, పేరులో ఆ వీధి అందుకే. ఆ జాబితాలో ఇంకొకటి కూడా ఉంది: బొమ్మల ప్రింట్లు! కాబట్టి నేను కాన్వాస్ ప్రింట్ తగిలించుకున్నానని ఎవరైనా మూతి విరిస్తే నా దగ్గర జవాబు సిద్ధం.

ఇక ఆరు రంగులు: తెలుపు, పసుపు, నీలం, నారింజ, ఎరుపు, నలుపు. వీటిని కచేరీలో వాయిద్యాల్లా వాడానని ఆయనే చెప్పారు. అలంకారానికి అన్న మాట కాదది. డేవిస్‌కి కుర్రతనం నుంచీ జాజ్ పిచ్చి, అంటే అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం. తండ్రి ఫిలడెల్ఫియాలో పత్రికకి ఆర్ట్ ఎడిటర్, తల్లి శిల్పి. పెయింటింగ్ నేర్చుకుంటున్న రోజుల్లో స్నేహితుడితో కలిసి నెవార్క్‌లో నల్లజాతివాళ్ల బార్లకి వెళ్లేవారు. ఐదు సెంట్ల బీరు ఒకటి కొంటే పియానో ఎంతసేపైనా వినొచ్చు. 1913లో న్యూయార్క్‌లో ఆర్మరీ షో జరిగినప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాడు, ఐదు వాటర్ కలర్లు పెట్టాడు. ఐరోపా కొత్త చిత్రకళ అమెరికా జనానికి పెద్ద ఎత్తున పరిచయమైంది ఆ ప్రదర్శనలోనే. దాని దెబ్బ ఆయన మీద గట్టిగానే పడింది. 1927లో గుడ్లు గిలక్కొట్టే మరని, రబ్బరు గ్లౌజుని, టేబుల్ ఫ్యానుని ఒక బల్లకి మేకులతో కొట్టేసి, ఏడాది పాటు వాటినే చూస్తూ వేశారు. చివరికి బొమ్మల్లో మరా కనబడదు, ఫ్యానూ కనబడదు. వాటి మధ్య ఉన్న లెక్కే మిగిలింది.

ఆయన అభిమాన పియానో విద్వాంసుడు ఎర్ల్ హైన్స్. ఎంత అభిమానమంటే 1952లో కొడుకు పుడితే జార్జ్ ఎర్ల్ అని పేరు పెట్టారు. జార్జ్ అంటే డ్రమ్స్ వాయించే జార్జ్ వెట్లింగ్, ఎర్ల్ అంటే ఈ హైన్స్. రొమేర్ బేర్డెన్ అని తర్వాత బాగా పేరు తెచ్చుకున్న చిత్రకారుడు సలహా కోసం వస్తే, వెళ్లి ఎర్ల్ హైన్స్‌ని విను, స్వరాల మధ్య ఆయన వదిలే ఖాళీలని విను అని పంపించారట. ఇదే నా రివ్యూకి కీలకం. డేవిస్ బొమ్మలో తెలుపు ఖాళీగా వదిలేసిన చోటు కాదు. హైన్స్ ఆగిన చోటు అది.

మా నాన్నగారు మన సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకున్న మనిషి. ఫోన్లో హైన్స్ వాయించింది పెడితే మొదట మొహం చిట్లించారు. ఎడమ చెయ్యి ఉన్నట్టుండి లయ వదిలేసి ఎటో పోతుంది. నాన్నగారి వేళ్లు కుర్చీ చెయ్యి మీద ఆగలేదు, లెక్క వేస్తూనే ఉన్నాయి. పోయిన చెయ్యి సరిగ్గా సమానికి, అంటే తాళం మొదలయ్యే దెబ్బకి, వచ్చి పడింది. "వీడు లెక్క తప్పలేదే, మనల్ని తప్పిద్దామని చూస్తున్నాడు" అన్నారు. ఆ తర్వాత బొమ్మ చూపించాను. విజయనగరంలో ఇది కష్టమైన విషయం కాకూడదు. 1919లో మొదలైన ఆ కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. రెండు చేతులా రెండు కాళ్లా తలతోనూ ఐదు తాళాలు ఒకేసారి వేసిన మనిషి పాఠం చెప్పిన ఊరిది. ఒకే గోడ మీద ఆరు రంగులు ఆరు నడకలు నడిస్తే మనం కంగారు పడతామా?

మోండ్రియాన్ వేసిన 'బ్రాడ్‌వే బూగీ వూగీ' పెట్టొచ్చు కదా, గీతలు తిన్నగా శుభ్రంగా ఉంటాయి అని మావారు అన్నారు. మోండ్రియాన్ డచ్చి మనిషి, యుద్ధకాలంలో 1940లో న్యూయార్క్ చేరారు, చేరీ చేరగానే బూగీ వూగీ అనే జోరైన పియానో సంగీతం రికార్డుల్లో పడ్డారు. ఆ బొమ్మ 1942-43లో వేశారు. పసుపు దారుల మీద చిన్న చిన్న చదరాలు, పైనుంచి చూసిన వీధుల్లా. నాకూ ఇష్టమే. కానీ క్లినిక్‌లో పెడితే టైల్స్ షాపు వాళ్లు ఇచ్చిన శాంపిల్ అనుకుంటారు. అదీగాక చదరం అంచు ఒక పిసరు మసకబారినా ఆ బొమ్మ పోయినట్టే. ఈ షాపు ప్రింటర్‌కి అంత పరీక్ష పెట్టదలచుకోలేదు. ఆ అనుమానం సరైనదేనని తర్వాత తేలింది.

ఇప్పుడు షాపు.

మొదటి మాటే "వాట్సాప్ చేసేయండి మేడమ్". చెయ్యకండి. ఫోటోగా పంపితే వాట్సాప్ ఫైలుని నలిపేస్తుంది. ఈ సైజుకి అంగుళానికి 150 చుక్కల లెక్కన చూసినా 5400 బై 6750 పిక్సెళ్లు కావాలి. పెన్ డ్రైవ్‌లో పట్టుకెళ్లాను. కంప్యూటర్ దగ్గర ఒక కుర్రాడు, డిజైనర్. పెళ్లి ఫ్లెక్సీలు చెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు. ఫైలు తెరిచి, నేను చూస్తుండగానే రెండు పనులు చేశాడు. ఒకటి, 36 బై 48 అని సైజు పెట్టి బొమ్మని అడ్డంగా లాగాడు. కాన్వాస్ బిగించే చెక్క చట్రం వాళ్ల దగ్గర ఆ సైజులో ఉందట. మూడు అంగుళాలు సాగితే ఏమవుతుంది, ఇందులో మనిషి మొహం లేదు కదా అన్నాడు. వాదన బాగానే ఉంది, మొహం లేని బొమ్మకి కొలత ఉండదని ఎక్కడా లేదు గానీ.

రెండోది ఇంకా పెద్దది. "డల్లుగా ఉంది మేడమ్, కొంచెం లేపాను."

లేపడం అంటే రంగుల గాఢత పెంచడం. పెళ్లికూతురి చీరకి, రాజకీయ నాయకుడి బుగ్గలకి ఇది చేస్తారు. వాళ్లు ఎవరూ అడగకుండానే చేస్తారు, ఉచితంగా చేస్తారు, ప్రేమగా చేస్తారు. డేవిస్‌కి చేస్తే ఏమైందంటే నారింజ వెళ్లి ఎరుపులో కలిసిపోయింది. ఆరు రంగుల బొమ్మ ఐదు రంగుల బొమ్మ అయింది. మామూలు ప్రింటర్లలో ఉండే నాలుగు ఇంకులతో మెరిసే నారింజ రాబట్టడం అసలే కష్టం. దాన్ని లేపితే ఇక చెప్పేదేముంది. కచేరీలో వయొలిన్ ఆయన్ని లేపి మృదంగం ఆయన ఒళ్లో కూర్చోబెట్టినట్టుంది.

వాదించడానికి నాకు సులువైన పద్ధతి దొరికింది. "బాబూ, దీనికి పేరులోనే ఆరు రంగులు అని ఉంది. లెక్కపెట్టు." కుర్రాడు స్క్రీన్ మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఐదు. మళ్లీ లెక్కపెట్టాడు. అసలు ఫైలు పక్కన తెరిచాడు. అప్పటి నుంచి అతను మారిపోయాడు, నిజంగా. లేపినదంతా వెనక్కి తీసేసి, ఆరు రంగులూ తగిలేలా ఒక అడుగు వెడల్పు ముక్క ఎంచి, అది మాత్రం టెస్ట్ ప్రింట్ తీశాడు. ఈ ముక్క తీయించుకోవడం మర్చిపోకండి. 150 రూపాయలు తీసుకున్నారు, 1,900 రూపాయల ప్రింటు పాడవకుండా కాపాడింది.

ముక్కలో ఆరు రంగులూ వచ్చాయి. కానీ తెలుపు తెల్లగా లేదు. షాపులో ఎవరూ ఒప్పుకోలేదు, "తెలుపే కదేటి మేడమ్" అన్నారు ఓనరు గారు. ఇక్కడ నా వృత్తి పనికొచ్చింది. పన్నుకి క్యాప్ వేసేటప్పుడు రంగు కలపడానికి మా దగ్గర షేడ్ గైడ్ ఉంటుంది, పదహారు రకాల పంటి రంగులు, ఏ1 నుంచి డి4 దాకా. తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో మా కంటే ఎక్కువ గొడవపడేవాళ్లు ఉండరు. మర్నాడు గైడ్ పట్టుకెళ్లి, ముక్కని షాపు బయట పగటి వెలుతురులో పెట్టి చూపించాను. కాన్వాస్ తెలుపు తేలిగ్గా ఏ2 దగ్గర ఉంది, అంటే కాస్త పసుపు తిరిగిన పన్ను. బజారులో నలుగురు ఆగి చూశారు. ఓనరు గారు ముందు నవ్వారు, తర్వాత తన పన్ను ఏ నంబరో అడిగారు. రూట్ కెనాల్ కథ అలా మొదలైంది.

విషయం ప్రింటరుది కాదు, కాన్వాస్ రోల్‌ది. చవక రకం రోల్ కొంచెం గోధుమరంగులో ఉంటుంది. దేవుడి బొమ్మలకీ, పాత ఫోటోలకీ అది వెచ్చగా బాగానే ఉంటుంది. ఇక్కడ మాత్రం ఖాళీలన్నీ పసుపు పులుముకుని, హైన్స్ ఆగాల్సిన చోటల్లా ఎవరో సన్నగా శ్రుతి పెట్టె వాయిస్తున్నట్టు ఉంది. తెల్ల రోల్ వైజాగ్ నుంచి తెప్పించాల్సి వచ్చింది, దానికి ఎక్కువ తీసుకోలేదు. అది షాపు వాళ్ల మంచితనం. నాలుగు రోజుల్లో ఇస్తామన్నది వారాలు పట్టింది. ఫోన్ చేస్తే ప్రతిసారీ "బండిలో ఎక్కించేసారండీ" అన్నారు, ఏ బండో తెలియదు.

వచ్చిన ప్రింట్ మీద నా తీర్పు: ఎరుపు, పసుపు, నీలం బాగా వచ్చాయి. నారింజ ఇంకా కొంచెం నీరసంగా ఉంది. నలుపు దగ్గరికి వెళ్లి చూస్తే ముదురు బూడిద. పది అడుగుల దూరంలో పట్టించుకోం. అంచులు పదునుగా లేవు, డేవిస్ బొమ్మలకి అంచే ప్రాణం. అందుకే రెండున్నర.

ఐదుకి ఐదు ఇచ్చింది వెనక గదిలో పని చేసే పెద్దాయనకి. అందరూ మేస్త్రీ గారు అంటారు. ఇన్నేళ్లుగా ఊరి పూజగదులన్నిటికీ పటాలు కట్టిన చెయ్యి. మొదట బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి "డాక్టరమ్మా, పైవైపు ఏది?" అని అడిగారు. చెప్పగానే వెనకాల సుద్దముక్కతో బాణం గీసి 'పై' అని రాసుకున్నారు. ఇంత తెలివైన ప్రశ్న ఈ బొమ్మ గురించి ఇంకెవరూ అడగలేదు.

అద్దం వెయ్యనివ్వకపోవడం ఆయనకి నచ్చలేదు. "దుమ్ము పట్టీదా?" అన్నారు. వెయిటింగ్ హాల్లో ట్యూబులైటు ఉంది, అద్దం వేస్తే బొమ్మకి బదులు ట్యూబులైటు కనబడుతుంది. మెరిసే లామినేషన్ కూడా వద్దని, మెరుపు లేని వార్నిష్ ఒక పూత వేయించాను. ఫ్రేము బొమ్మకి అతుక్కోకుండా చుట్టూ సన్నని సందు ఉండాలని ఫోన్లో ఫోటో చూపించాను. అలాంటిది ఎప్పుడూ కట్టలేదన్నారు. మాట్లాడకుండా నల్ల బీడింగ్ తీసి, లోపలి వైపు 'ఎల్' ఆకారంలో ఇంకో పట్టీ కొట్టి, బొమ్మని వెనక నుంచి స్క్రూలతో పట్టించారు. చుట్టూ సందు నాలుగు వైపులా ఒకేలా వచ్చింది. మూలల దగ్గర గోరు దూరదు. సిద్ధంగా ఉన్న 36 బై 48 చట్రం పక్కన పడేసి, 45కి కొత్తది కోశారు, ఒక్క మాట అనకుండా.

చట్రం మూలల్లో చిన్న చెక్క చీలలు కూడా పెట్టారు. మన వైపు వానాకాలంలో గాలి తడికి కాన్వాస్ వదులవుతుంది. అప్పుడు వెనక నుంచి సుత్తితో మెల్లగా రెండు తట్లు తడితే మళ్లీ బిగుస్తుందట. ఇది నేను అడగలేదు. ఆన్‌లైన్‌లో కొన్న కాన్వాస్‌లకి ఇది చూడలేదు కూడా. కట్టుబడి, గోడకి బిగించడం అన్నీ కలిపి మొత్తం ఖర్చు 5,000 లోపే.

గోడ మీద ఎలా ఉందంటే, ఎదురు కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఫోన్ దించి చూస్తున్నారు. "ఏటమ్మా ఇది, ఏటీ బోధపడట్నేదు" అని ఒకావిడ నిలదీసింది. రోడ్డు మీద హారన్లు, హోటల్లో గిన్నెల చప్పుడు, రేడియో, అన్నీ కలిపి వేశాడండీ అని చెప్పాను. "అందుకేనా, తల దిమ్మెక్కుతోంది" అంది. ఆవిడ మాటలో న్యాయం ఉంది. ఇది ప్రశాంతమైన బొమ్మ కాదు. పేరులోనే 'హాట్' అని పెట్టింది నెమ్మదైన పల్లె మూడ్ కాదని చెప్పడానికే. మీకు కావలసింది ప్రశాంతత అయితే ఏడు గుర్రాలే కొనుక్కోండి. పిల్లలకి మాత్రం ఎన్ని రంగులున్నాయో చెప్పమని పందెం వేస్తున్నాను. సగం మంది తెలుపుని లెక్కపెట్టరు.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. డిజైనర్ కుర్రాడు ఉన్నప్పుడే వెళ్లండి, సాయంత్రాలు ఉంటాడు. ఇప్పుడు అతను ఫైలు తెరవగానే "లేపాలా, ఉంచాలా?" అని అడుగుతున్నాడని విన్నాను. దసరా వెళ్లిన మొదటి మంగళవారం సిరిమానోత్సవం. అంతకు ముందు నెలంతా షాపు నిండా పైడితల్లి అమ్మవారి పటాలే ఉంటాయి, మేస్త్రీ గారు వేరే పని ముట్టుకోరు. ఆగస్టు లోపు ఇచ్చెయ్యండి, లేదా దీపావళి దాటాక వెళ్లండి. అడ్వాన్స్ సగం అడుగుతారు, రసీదు అడిగితేనే ఇస్తారు.